ఓటు కోసం అక్షరాలు నేర్పిన టీచరమ్మ సెప్టిమా క్లార్క్

అమెరికాలో నల్లజాతి ప్రజల హక్కుల పోరాటం అనగానే మార్టిన్ లూథర్ కింగ్, రోజా పార్క్స్ పేర్లు వెంటనే గుర్తుకొస్తాయి. ఆ పోరాటంలో పెద్దగా ఫొటోలకు ఎక్కని ఒక బడి టీచరమ్మ కూడా ఉన్నారు. పేరు సెప్టిమా పాయిన్‌సెట్ క్లార్క్. పగలంతా పొలాల్లో, ఇళ్లలో పని చేసుకుని రాత్రిపూట చదువుకోవడానికి వచ్చే పెద్దవాళ్లకు ఆమె సంతకం చేయడం నేర్పించారు. రాజ్యాంగం చదివించారు. ఓటరు దరఖాస్తు నింపించారు. ఊరి రోడ్డు బాగాలేకపోతే ఎవరిని అడగాలో, పన్నుల డబ్బు ఎటు పోతుందో చెప్పించారు. ఉద్యమ నాయకులు ఆమెను ఉద్యమానికే తల్లి అని పిలిచేవారు.

బానిసగా పుట్టిన తండ్రి, పౌరుషం గల తల్లి

సెప్టిమా 1898 మే 3న సౌత్ కరోలినా రాష్ట్రంలోని చార్లెస్టన్ నగరంలో పుట్టారు. ఎనిమిది మంది పిల్లల్లో ఆమె రెండోవారు. తండ్రి పీటర్ పాయిన్‌సెట్ బానిసగానే పుట్టాడు. మెక్సికోలో అమెరికా రాయబారిగా పనిచేసిన జోయెల్ పాయిన్‌సెట్ అనే భూస్వామి తోటలో ఆయన బాల్యం గడిచింది. క్రిస్మస్ రోజుల్లో ఇళ్లలో పెట్టుకునే పాయిన్‌సెట్టియా అనే ఎర్ర పూల మొక్కకు ఆ పేరు వచ్చింది ఈ భూస్వామి వల్లే. పీటర్‌కు ఇంటిపేరు కూడా యజమానిదే మిగిలింది.

తల్లి విక్టోరియా చిన్నతనం హైతీ దేశంలో గడిచింది. ఇంట్లోనే బట్టలు ఉతికి ఇచ్చి సంసారం నడిపారు. ఇంకొకరి ఇంట్లో పనిమనిషిగా మాత్రం ఎన్నడూ చేరలేదని ఆమెకు గర్వం. పిల్లలు చదువుకోవాలని ఇద్దరికీ పట్టుదల ఉండేది. తండ్రి నెమ్మదస్తుడు, కోపం ఎరగనివాడు. తల్లి ఎవరికీ భయపడని మనిషి. తండ్రి నుంచి ఓపిక, తల్లి నుంచి ధైర్యం వచ్చాయని సెప్టిమా తర్వాతి రోజుల్లో చెప్పుకునేవారు.

132 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు

చార్లెస్టన్‌లోని ఏవరీ నార్మల్ ఇన్‌స్టిట్యూట్‌లో సెప్టిమా 1916లో చదువు పూర్తి చేశారు. టీచర్ పరీక్ష పాసయ్యారు. పై చదువులకు పంపే స్తోమత ఇంట్లో లేదు. ఉద్యోగం చేద్దామంటే మరో అడ్డంకి వచ్చింది. అప్పట్లో చార్లెస్టన్ నగరంలోని ప్రభుత్వ బడుల్లో నల్లజాతి టీచర్లను తీసుకునేవారు కాదు. నల్లజాతి పిల్లల బడుల్లో కూడా తెల్లవాళ్లే పాఠాలు చెప్పేవారు. నల్లజాతి టీచర్లకు దొరికేవి పల్లెల్లోని బడులు మాత్రమే.

అలా 18 ఏళ్ల వయసులో ఆమె జాన్స్ ఐలాండ్ అనే దీవికి వెళ్లారు. వంతెన లేదు, పడవ మీద పోవాల్సిందే. ప్రామిస్ ల్యాండ్ అనే ఆ బడిలో 132 మంది పిల్లలు, ఇద్దరే టీచర్లు. ప్రధానోపాధ్యాయురాలి బాధ్యత కూడా ఉన్న సెప్టిమా జీతం నెలకు 35 డాలర్లు. దగ్గరలోనే తెల్ల పిల్లల బడి ఉంది. అందులో చదివేది ముగ్గురే. అక్కడి టీచర్ జీతం మాత్రం ఈమె జీతం కంటే చాలా ఎక్కువ. చదువు అందరికీ సమానమని చెప్పే ప్రభుత్వం లెక్కల్లో ఏం చేస్తోందో ఆమెకు మొదటి ఉద్యోగంలోనే అర్థమైంది.

పత్తి పనులు ఉన్న రోజుల్లో పిల్లలు బడికి వచ్చేవారు కాదు. పుస్తకాలు చాలినన్ని లేవు. లాండ్రీ బట్టలు చుట్టి ఇచ్చే కాగితాల మీద ఆ పిల్లల చుట్టూ ఉండే చెట్ల గురించి, జంతువుల గురించి చిన్న చిన్న కథలు రాసి, వాటితోనే చదవడం నేర్పారు. సాయంత్రాలు పెద్దవాళ్లు కూడా వచ్చి కూర్చునేవారు. తమ సంఘం సమావేశాల్లో లేచి నాలుగు మాటలు మాట్లాడాలని, కాగితం చూసి చదవాలని వాళ్ల కోరిక. పెద్దవాళ్లకు చదువు చెప్పే పద్ధతి వేరుగా ఉండాలని ఆమె నేర్చుకుంది ఇక్కడే.

సంతకాల ఉద్యమం, జీతాల కేసు

1919లో సెప్టిమా ఏవరీకి టీచర్‌గా తిరిగొచ్చారు. నల్లజాతి ప్రజల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీలో చేరారు. నగరంలోని బడుల్లో నల్లజాతి టీచర్లకు ఉద్యోగాలు ఇవ్వాలని ఆ సంస్థ అప్పుడే కదిలింది. సెప్టిమా ఇల్లిల్లూ తిరిగి సంతకాలు సేకరించారు. వేల సంతకాలతో అర్జీ ప్రభుత్వానికి చేరింది. మరుసటి ఏడాదే చార్లెస్టన్ బడుల తలుపులు నల్లజాతి టీచర్లకు తెరుచుకున్నాయి. సంతకం పెట్టడం చేతకాని మనిషి అర్జీలో కూడా లెక్కకు రాడన్న విషయం ఆ తిరుగుడులో ఆమె కళ్లారా చూశారు.

1920లో నౌకాదళంలో వంటవాడిగా పనిచేసే నేరీ క్లార్క్‌తో పెళ్లయింది. ఆ సంసారంలో సుఖపడింది తక్కువ. మొదట పుట్టిన ఆడపిల్ల నెల తిరగకుండానే చనిపోయింది. 1925లో కొడుకు పుట్టాడు. అదే ఏడాది కిడ్నీ జబ్బుతో భర్త పోయారు. టీచర్ జీతంతో పిల్లవాడిని పెంచడం కష్టమై కొడుకును నానమ్మ తాతల దగ్గర ఉంచాల్సి వచ్చింది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

1929లో రాష్ట్ర రాజధాని కొలంబియాకు మారారు. అక్కడ ఉద్యోగం చేస్తూనే 1942లో బెనెడిక్ట్ కాలేజీ నుంచి డిగ్రీ, 1946లో హాంప్టన్ ఇన్‌స్టిట్యూట్ నుంచి మాస్టర్స్ పూర్తి చేశారు. అప్పటికి ఆమె వయసు 48. వయోజన విద్య కార్యక్రమంలో భాగంగా క్యాంప్ జాక్సన్ సైనిక శిబిరంలో చదువురాని నల్లజాతి సైనికులకు పాఠాలు చెప్పారు. జీతం తీసుకునే చోట సంతకం పెట్టడం, బస్సు మీద రాసింది చదవడం, లెక్కపెట్టడం అక్కడి పాఠాలు.

కొలంబియాలోనే జీతాల పోరాటం కూడా నడిచింది. ఒకే చదువు, ఒకే పని. అయినా తెల్ల టీచరుకు ఒక జీతం, నల్ల టీచరుకు అందులో కొంత. దీనిపై ఎన్‌ఏఏసీపీ కోర్టుకు వెళ్లింది. తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయిన థర్‌గుడ్ మార్షల్ ఆ కేసులో న్యాయవాది. సాక్ష్యాలు కూడగట్టడంలో సెప్టిమా సాయం చేశారు. 1945లో జడ్జి వేరింగ్ సమాన జీతం ఇవ్వాల్సిందేనని తీర్పు ఇచ్చారు.

ఉద్యోగం పోయింది

1947లో సెప్టిమా జబ్బుపడిన తల్లిని చూసుకోవడానికి చార్లెస్టన్‌కు తిరిగొచ్చారు. 1954లో టెన్నెస్సీ కొండల్లోని హైలాండర్ ఫోక్ స్కూల్‌కు మొదటిసారి వెళ్లారు. మైల్స్ హార్టన్ నడిపే ఆ చోట నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే గదిలో కూర్చుని, ఒకే బల్ల మీద భోంచేసేవారు. దక్షిణాది రాష్ట్రాల్లో అది అరుదైన సంగతి. 1955 వేసవిలో సెప్టిమా నడిపిన శిబిరానికి మాంట్‌గోమరీ నుంచి రోజా పార్క్స్ వచ్చారు. నిశ్శబ్దంగా కూర్చుని వినే మనిషి ఆమె. కొన్ని నెలలకే, డిసెంబర్ 1న, బస్సులో సీటు వదలనని రోజా పార్క్స్ కూర్చుండిపోయారు. ఆ తర్వాతి కథ లోకానికి తెలిసిందే.

1956లో సౌత్ కరోలినా శాసనసభ ఒక చట్టం చేసింది. రాష్ట్ర, నగర ఉద్యోగులెవరూ ఎన్‌ఏఏసీపీలో సభ్యులుగా ఉండకూడదు. టీచర్లు తమ సంఘాల పేర్లు రాసి ఇవ్వాలి. చాలామంది ఆ ఒక్క పేరు దాచిపెట్టారు. సెప్టిమా దాచలేదు. 40 ఏళ్ల సర్వీసు తర్వాత, 58 ఏళ్ల వయసులో, ఉద్యోగం పోయింది. దాంతోపాటే పెన్షన్ కూడా పోయింది.

కలిసి నిలబడదామని ఆమె 700కు పైగా నల్లజాతి టీచర్లకు ఉత్తరాలు రాశారు. జవాబు ఇచ్చింది 26 మంది. అధికారి దగ్గరకు వెంట రావడానికి తెగించినవాళ్లు ఇంకా కొద్దిమంది. ఆమె సభ్యురాలిగా ఉన్న మహిళా సంఘం సన్మానం అయితే చేసింది గానీ, ఆమె పక్కన నిలబడి ఫొటో దిగడానికి తోటి సభ్యులు జంకారు. ఫొటో బయటకు వస్తే తమ ఉద్యోగాలు పోతాయని భయం. వాళ్లను తిట్టిపోయడం ఆమె పని కాదు. ఏం జరుగుతుందో ముందే వివరంగా చెప్పి, వాళ్లను సిద్ధం చేయకపోవడం తన లోపమని తర్వాత ఆలోచించుకున్నారు. మనుషులకు ముందు తర్ఫీదు కావాలి, పిలుపు ఆ తర్వాతే ఇవ్వాలి. ఆ గుణపాఠం ఆమె మిగతా జీవితమంతా పనికొచ్చింది.

కిరాణా కొట్టు వెనక బడి

హైలాండర్‌లో ఆమెకు శిబిరాల డైరెక్టర్ ఉద్యోగం దొరికింది. ఆ సమయానికే జాన్స్ ఐలాండ్‌లో ఒక పని ఆమె కోసం ఎదురుచూస్తోంది. ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్న ఈసా జెంకిన్స్ ఇప్పుడు దీవి జనాన్ని చార్లెస్టన్‌కు పనులకు తీసుకెళ్లే బస్సు నడుపుతున్నారు.

సౌత్ కరోలినాలో ఓటరుగా నమోదు కావాలంటే 1895 నాటి రాష్ట్ర రాజ్యాంగంలోని ఏదైనా ఒక భాగాన్ని చదవాలి, రాయాలి కూడా. అది కాకపోతే 300 డాలర్ల విలువైన ఆస్తికి పన్ను కట్టి ఉండాలి. చర్మం రంగు చూసి ఓటు ఆపకూడదని దేశ రాజ్యాంగం 15వ సవరణ 1870లోనే చెప్పింది. అందుకే రంగు మాట ఎత్తకుండా చదువు పేరుతో ఆపారు. నల్లజాతి పిల్లలకు సరైన బడి ఇవ్వనిదీ ఆ ప్రభుత్వమే, చదువు రాలేదని ఓటు ఇవ్వనిదీ ఆ ప్రభుత్వమే.

ఈసా జెంకిన్స్ బస్సులోనే రాజ్యాంగం కాగితాలు పంచి చదివి వినిపించేవారు. ఆలిస్ వైన్ అనే ప్రయాణికురాలు విని విని కంఠస్థం చేసి నమోదు అయ్యారు కూడా. అయినా ఆమెకు తృప్తి లేదు, నిజంగా చదవడం రావాలి. అలాంటి వాళ్లందరికీ రాత్రిబడి పెట్టాలని జెంకిన్స్ హైలాండర్‌ను అడిగారు.

హైలాండర్ ఇచ్చిన 1,500 డాలర్ల అప్పుతో దీవిలో ఒక పాత భవనం కొన్నారు. ముందు గదుల్లో సహకార కిరాణా కొట్టు, వెనక గదుల్లో బడి. తెల్ల అధికారులకు అనుమానం రాకుండా ఈ ఏర్పాటు. కొట్టు లాభంతో అప్పు కూడా తీరింది. 1957 జనవరి 7న మొదటి తరగతి మొదలైంది. వచ్చినవాళ్లు 14 మంది.

టీచర్‌గా సెప్టిమా ఎంచుకున్నది తన బంధువు బెర్నీస్ రాబిన్సన్‌ను. ఆమె బ్యూటీ పార్లర్ నడిపేవారు, బట్టలు కుట్టేవారు. ఎన్నడూ టీచర్‌గా పనిచేయలేదు. అదే ఆమె అర్హత అని సెప్టిమా నమ్మారు. బడి టీచర్ల పెద్దరికం ఉండదు, వచ్చినవాళ్లను చులకనగా చూడరు. పైగా సొంత వ్యాపారం కాబట్టి తెల్ల యజమాని ఎవరూ ఆమెను ఉద్యోగం నుంచి తీసేయలేడు.

ఏం నేర్పేవారు?

మొదటి రోజు బెర్నీస్ చిన్నపిల్లల పుస్తకాలు పట్టుకెళ్లారు. ఇవి వీళ్లకు పనికిరావని నిమిషాల్లో తెలిసిపోయింది. పక్కన పెట్టేసి, మీకేం కావాలో చెప్పండని అడిగారు. ఒకరికి సొంత పేరు రాయాలని ఉంది. ఒకరికి మనియార్డర్ ఫారం నింపాలి. మరొకరికి దూరాన ఉన్న పిల్లలకు ఉత్తరం రాయాలి. అందరికీ రాజ్యాంగం చదవడం రావాలి. వాళ్ల జవాబులే పాఠ్యప్రణాళిక అయ్యాయి.

అట్టముక్క మీద టీచర్ పేరు రాసి ఇస్తే, దాని మీదే పెన్సిలు మళ్లీ మళ్లీ తిప్పి చేతికి అలవాటు చేసుకునేవారు. నాగలి, పార పట్టిన చేతులు కాబట్టి పెన్సిళ్లు టపటపా విరిగిపోయేవి. విరిగితే ఇంకోటి ఇచ్చేవారు. సిగ్గుపడనిచ్చేవారు కాదు. లెక్కలు కూడా వాళ్ల బతుకులోంచే వచ్చేవి. ట్రాక్టరుకు ఎన్ని గ్యాలన్ల పెట్రోలు, కంచెకు ఎంత తీగ, విత్తనాలకు ఎంత ఖర్చు.

గోడకు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన అంటించారు. కోర్సు అయిపోయేసరికి దీన్ని అందరూ చదవాలని లక్ష్యం పెట్టారు. సౌత్ కరోలినా ఎన్నికల చట్టంలోని పదాలు ఒక్కొక్కటే విడమరిచి చెప్పారు. ఓటు అయిపోయాక కూడా పౌరుడికి పని ఉంటుందని నేర్పారు. పాఠశాల బోర్డులో ఎవరున్నారు, రోడ్డు ఎవరు వేయాలి, సోషల్ సెక్యూరిటీ డబ్బు ఎలా అడగాలి, పన్ను ఎందుకు కడుతున్నాం అన్నవి పాఠాలే. ప్రభుత్వం అంటే ఎక్కడో వాషింగ్టన్‌లో ఉండే భవనం అనుకున్నవాళ్లకు, అది తమ వీధి చివరి దాకా వస్తుందని అర్థమైంది.

రెండు మూడు నెలల తరగతులు ముగిసేసరికి 65 ఏళ్ల వృద్ధురాలు ఒకామె నల్లబల్ల మీది పేర్లలో తన పేరు ఏదో వేలుపెట్టి చూపించారు. ఆ 14 మందీ ఓటర్లుగా నమోదయ్యారు. పక్క దీవులు వాడ్మలా, ఎడిస్టో నుంచి మాకూ బడి కావాలని కబురొచ్చింది.

ఇక్కడ మన దేశం సంగతి గుర్తు చేసుకోవచ్చు. బ్రిటిష్ పాలనలో ఇక్కడ కూడా ఓటుకు ఆస్తి, పన్ను, చదువు లాంటి షరతులు ఉండేవి. 1950లో అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగం ఆ షరతులన్నీ తీసేసింది. 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికల్లో అక్షరం రానివాళ్లు కూడా గుర్తులు చూసి ఓటేశారు. అదే సమయంలో అమెరికా దక్షిణాదిలో నల్లజాతి రైతు గుమాస్తా ముందు నిలబడి పరీక్ష రాయాల్సిన పరిస్థితి.

ఊరూరా టీచర్లు

1959 జూలై 31 రాత్రి హైలాండర్ మీద పోలీసులు దాడి చేశారు. మద్యం ఉందన్న నెపంతో సెప్టిమాను అరెస్టు చేశారు. ఆమె మీద పెట్టిన కేసు నిలబడలేదు. కానీ రాష్ట్ర ప్రభుత్వం 1961లో హైలాండర్‌ను మూయించింది. ఆ లోపే పౌరసత్వ పాఠశాలల పని మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వంలోని ఎస్‌సీఎల్‌సీకి బదిలీ అయింది. సెప్టిమా, డొరతీ కాటన్, ఆండ్రూ యంగ్ ముగ్గురూ కలిసి జార్జియాలోని డార్చెస్టర్ కేంద్రంలో శిబిరాలు నడిపారు.

ప్రతి నెలా దక్షిణాది ఊళ్ల నుంచి బస్సుల్లో జనం వచ్చేవారు. అయిదు రోజుల తర్ఫీదు. డిగ్రీలు అడగలేదు. గట్టిగా చదవగలగాలి, నల్లబల్ల మీద రాయగలగాలి, ఊళ్లో నలుగురిలో గౌరవం ఉండాలి. రైతులు, మేస్త్రీలు, మంగలి పని చేసేవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఇలా టీచర్లయి ఊరికి తిరిగి వెళ్లేవారు. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పరీక్ష కాబట్టి పాఠాలు కూడా మారేవి. మిసిసిపీలో రాజ్యాంగంలోని భాగాన్ని చదవడమే కాదు, గుమాస్తాకు నచ్చేలా అర్థం చెప్పాలి. జార్జియాలో చదువురానివాళ్లు 30 ప్రశ్నల్లో 20 కి సరైన జవాబు చెప్పాలి.

నమోదుకు వెళ్లిన మనిషి సాయంత్రానికి పని పోగొట్టుకోవచ్చు. కౌలు భూమి నుంచి ఖాళీ చేయించవచ్చు. జైలు, దెబ్బలు కూడా ఉండేవి. మిసిసిపీ పత్తి చేలలో పనిచేసిన ఫానీ లూ హేమర్ ఈ తర్ఫీదు తీసుకున్నారు. 1963లో అలాంటి శిబిరం నుంచి తిరిగి వస్తుంటే వినోనా పట్టణంలో అరెస్టు చేసి, జైల్లో దారుణంగా కొట్టించారు. ఆమె ఆగలేదు. మరుసటి ఏడాది డెమోక్రటిక్ పార్టీ జాతీయ సభలో ఆమె చెప్పిన సాక్ష్యాన్ని దేశమంతా టీవీల్లో చూసింది.

1965 ఆగస్టు 6న ఓటింగ్ హక్కుల చట్టం వచ్చింది. దక్షిణాదిలో చదువు పరీక్షలు ఆగిపోయాయి. అయినా బడులు మూయలేదు. చట్టం వచ్చినంత మాత్రాన భయం పోదని సెప్టిమాకు తెలుసు. 1970 నాటికి సుమారు 900 పాఠశాలలు నడిచాయి. వాటిలో చదువుకున్నవాళ్లలో చాలామంది తమ ఊళ్లలో నాయకులయ్యారు. ఆండ్రూ యంగ్ తర్వాత అమెరికా కాంగ్రెస్ సభ్యుడు, ఐక్యరాజ్యసమితిలో రాయబారి, అట్లాంటా మేయర్ అయ్యారు.

సొంతవాళ్ల మధ్య

ఎస్‌సీఎల్‌సీ పాలక మండలిలో సెప్టిమా మొదటి మహిళ. ఆమె ఆ కుర్చీలో ఎందుకు కూర్చుందని మండలిలోని ఒక ముఖ్య నాయకుడు పదేపదే అడిగేవారు. కింగ్ ఆమె పనిని గట్టిగా సమర్థించేవారు. అయినా ఆడవాళ్ల మాటకు ఆ గదిలో విలువ తక్కువేనని ఆమె బాధపడ్డారు. అన్ని ఊరేగింపులకూ మీరే ముందు నడవకుండా, ఊరూరా కొత్త నాయకులను తయారు చేయండని ఆమె కింగ్‌కు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరాన్ని సమావేశంలో చదివితే అక్కడున్నవాళ్లు నవ్వారు. ఆమె నొచ్చుకున్నారు గానీ పని మానలేదు. 1964లో నోబెల్ శాంతి బహుమతి అందుకోవడానికి కింగ్ ఓస్లో వెళ్లినప్పుడు సెప్టిమా కూడా వెంట ఉన్నారు. ఉద్యమంలోని మగవాళ్ల ధోరణి గురించి వయసు మళ్లాక ఆమె మొహమాటం లేకుండానే మాట్లాడారు.

తిరిగొచ్చిన పెన్షన్

1970లో ఎస్‌సీఎల్‌సీ నుంచి విశ్రాంతి తీసుకుని చార్లెస్టన్‌కు వచ్చేశారు. వచ్చి ఊరుకోలేదు. కొన్నేళ్లకు, డెబ్బయి అయిదు దాటిన వయసులో, చార్లెస్టన్ కౌంటీ పాఠశాలల బోర్డుకు పోటీ చేసి గెలిచారు. ఆ బోర్డులో మొదటి నల్లజాతి మహిళ ఆమే. ఏ నగరం బడుల్లోంచి ఆమెను వెళ్లగొట్టారో, ఆ బడుల నిర్ణయాలు చేసే బల్ల దగ్గర ఆమె కూర్చున్నారు. ఆమెను గెలిపించినవాళ్లు ఓటర్లు.

1976లో రాష్ట్ర గవర్నర్ ఆమె పెన్షన్ పునరుద్ధరించారు. అన్యాయంగా తీసేసినందుకు రావాల్సిన జీతం బకాయి కూడా 1981లో రాష్ట్రం చెల్లించింది. అప్పటికి 25 ఏళ్లు గడిచిపోయాయి. 1979లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఆమెను సత్కరించారు. చార్లెస్టన్‌లో ఒక పెద్ద రహదారికి ఆమె పేరు పెట్టారు. 1986లో వచ్చిన ఆమె జ్ఞాపకాల పుస్తకం రెడీ ఫ్రమ్ వితిన్‌కు అమెరికన్ బుక్ అవార్డు దక్కింది.

1987 డిసెంబర్ 15న, 89 ఏళ్ల వయసులో, సెప్టిమా కన్నుమూశారు. ఆఖరి రోజులు గడిపింది జాన్స్ ఐలాండ్‌లోనే. 18 ఏళ్లప్పుడు పడవెక్కి మొదటి ఉద్యోగానికి వెళ్లిన దీవి అది. ఆమె చనిపోయేనాటికి ఆ దీవిలో ఓటు వేయడానికి ఎవరూ రాజ్యాంగం చదివి వినిపించాల్సిన అవసరం లేదు. కానీ చదవడం నేర్చుకున్నవాళ్లు అక్కడ ఎంతోమంది ఉన్నారు. పాఠశాల బోర్డు సమావేశానికి వెళ్లి లేచి నిలబడి ప్రశ్న అడిగేవాళ్లూ ఉన్నారు.